క్లాస్ ఎలా ఎంచుకోవాలి: ఒక్క పనిలో దిట్ట కావాలా, అన్నిటికీ పనికిరావాలా?

చాలామంది కలిసి ఆడే ఆన్‌లైన్ ఆటల్లో క్లాస్ అంటే మీ క్యారెక్టర్ ఏ రకం పోరాటగాడో చెప్పేది. మా ఆటల గ్రూపులోకి కొత్తగా ఎవరొచ్చినా మొదటి మెసేజ్ ఒకటే: "అన్నా, ఏ క్లాస్ తీసుకోమంటావ్?" మారతహళ్ళి పీజీలో ఉండే తమ్ముడు అడిగాడు. బీటీఎంలో రూమ్ తీసుకున్న అనంతపురం కుర్రాళ్ళు అడిగారు. ఎలక్ట్రానిక్ సిటీలో నైట్ షిఫ్ట్ చేసే చెల్లి మొన్ననే అడిగింది. ఒక్కొక్కరికీ వాయిస్ మెసేజ్ పెట్టే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను.

ఏ క్లాస్ బలమైనదో ఇందులో ఉండదు. అది ప్యాచ్ ప్యాచ్‌కీ (ఆటలో మార్పులు తెచ్చే అప్‌డేట్) మారుతుంది. ఒక్క పనే చేసే క్లాస్‌లో స్థిరపడాలా, రెండు మూడు పనులు చేయగల క్లాస్ తీసుకోవాలా అన్నదే ఇక్కడి విషయం. దానికి నేను వాడే కొలత ఒక్కటే: మీరు రాని రోజు గ్రూపులో ఏ పని ఆగిపోతుంది?

మా రూమ్‌లో చేపల పులుసు ఒక్కడికే కుదిరేది. వాడు నెల్లూరు వెళ్ళిన వారమంతా మేం పెరుగన్నం, ఆవకాయతో గడిపాం. వాడి విలువ తెలిసింది అప్పుడే. ఇంకొకరికి నేర్పించి ఉండాల్సిందని తెలిసిందీ అప్పుడే. క్లాస్ సంగతి కూడా సరిగ్గా ఇంతే.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- మీతో ఆడేవాళ్ళ పేర్లు, ఎవరు ఏ రోజు ఏ టైముకి వస్తారో. ఫోన్ నోట్స్‌లో రాసుకున్నా చాలు.
- వారానికి మీరు నిజంగా కూర్చోగల గంటలు. సిల్క్ బోర్డ్ ట్రాఫిక్ దాటి ఇల్లు చేరాక మిగిలే గంటలు, అనుకునే గంటలు కావు.
- మీరు ఆడే సర్వర్‌కి పింగ్ (మీ నొక్కు సర్వర్‌కి చేరి తిరిగి రావడానికి పట్టే టైము), మూడు రోజులపాటు, మీరు ఆడే టైములోనే చూసినది.
- డబ్బు పెట్టకుండా ఆడి చూసే దారి. ఫైనల్ ఫాంటసీ 14 ఫ్రీ ట్రయల్‌లో లెవెల్ 70 దాకా, రోజుల పరిమితి లేకుండా ఆడొచ్చు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో లెవెల్ 20 దాకా ఉచితం. గిల్డ్ వార్స్ 2 మూల ఆట, ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్‌లో కొంత భాగం, ఆల్బియన్ ఆన్‌లైన్ కూడా డబ్బు కట్టకుండానే మొదలుపెట్టొచ్చు.
- రెండు వారాల ఓపిక.

జాగ్రత్త: ఫైనల్ ఫాంటసీ 14లో పూర్తి ఆట కొన్న అకౌంట్ మళ్ళీ ఫ్రీ ట్రయల్‌కి రాదు. "ఎలాగూ ఆడతాం కదా" అని మొదటి వారమే కొనేయకండి. ట్రయల్‌లో ఉన్నవాళ్ళు సొంతంగా పార్టీ కట్టలేరు, ఎవరైనా పిలిస్తే చేరగలరు. కాబట్టి గ్రూపులో కనీసం ఒకరికి పూర్తి అకౌంట్ ఉంటే మిగతావాళ్ళు నిదానంగా చూసుకోవచ్చు.

1. మీ ఆట ఏ రకమో తేల్చుకోండి

మూడు ప్రశ్నలు వేసుకోండి. రోల్ (గుంపులో మీరు చేసే పని) మార్చాలంటే కొత్త క్యారెక్టర్ చేయాలా? తప్పుగా పెట్టిన స్కిల్‌ని వెనక్కి తీసుకోవడానికి ఎంత ఖర్చవుతుంది? రెండో రోల్‌కి గేర్ (ఆయుధాలు, కవచాలు), నైపుణ్యం మళ్ళీ మొదటినుంచీ సంపాదించాలా?

మొదటిదానికి "అవును" అంటే క్లాసుల మధ్య గోడలు గట్టిగా ఉన్న ఆట. పాతకాలం ఎవర్‌క్వెస్ట్ (1999) ఇలాంటిదే. అక్కడ వైద్యం చేసే క్లెరిక్ లేకుండా పెద్ద పోరాటాలకి వెళ్ళడం కష్టం, గుంపుగా మీద పడే శత్రువుల్ని కట్టడి చేయడానికి ఎన్‌ఛాంటర్ కావాలి. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ 2004లో తొమ్మిది క్లాసులతో వచ్చింది. ఆటగాళ్ళు రెండు పక్షాలుగా ఉండే ఆ ఆటలో పాలడిన్ అనే క్లాస్ ఒక పక్షానికే, షామన్ అనేది ఇంకో పక్షానికే ఉండేవి. 2007లో గానీ రెండు పక్షాలకూ రెండూ రాలేదు. ఇప్పుడక్కడ 13 క్లాసులు. క్లాస్ మార్చాలంటే ఇప్పటికీ కొత్త క్యారెక్టరే. క్లాస్ లోపల స్పెక్ (క్లాస్‌లోని ఒక శాఖ) మార్చడం మాత్రం ఈ రోజుల్లో చాలా సులువు.

ఫైనల్ ఫాంటసీ 14లో ఒకే క్యారెక్టర్‌తో అన్ని జాబులూ (అక్కడ క్లాసులకి పేరు) నేర్చుకోవచ్చు. చేతిలో ఆయుధం మారితే జాబ్ మారుతుంది. గిల్డ్ వార్స్ 2లో ప్రొఫెషన్ (అక్కడ క్లాస్‌కి పేరు) మారదు కానీ పోరాటంలో లేనప్పుడు ట్రెయిట్లు (క్యారెక్టర్ తీరుని మార్చే ఎంపికలు) పైసా ఖర్చు లేకుండా మార్చుకోవచ్చు.

క్లాసులే లేని ఆటలు మరో రకం. అల్టిమా ఆన్‌లైన్ (1997) మొదట్లో మొత్తం 700 స్కిల్ పాయింట్లు ఇచ్చి, ఎలా పంచుకుంటారో మీ ఇష్టం అంది. ఈవ్ ఆన్‌లైన్‌లో (2003) మీరు ఎక్కిన ఓడే మీ రోల్. ఆల్బియన్‌లో ఒంటిమీద ఏం వేసుకుంటే అదే మీ క్లాస్.

చాలామంది పొరబడేది ఇక్కడే. "క్లాస్ లేదు కాబట్టి ఎప్పుడైనా ఏదైనా అవ్వొచ్చు" అనుకుంటారు. గోడ ఉంటుంది, కాకపోతే అది మెనూలో కాకుండా మీ టైములో ఉంటుంది. ఆల్బియన్‌లో కత్తి వదిలి హీలింగ్ స్టాఫ్ పట్టుకోవడానికి ఒక్క క్షణం చాలు, ఆ స్టాఫ్‌లో పైమెట్టుకి చేరడానికి మాత్రం మళ్ళీ కింది నుంచి రావాలి. ఈవ్‌లో స్కిల్ ట్రైనింగ్ గడియారం ప్రకారం నడుస్తుంది. రూన్‌స్కేప్‌లో ఒక స్కిల్ లెవెల్ 92కి వచ్చేసరికి 99కి కావాల్సిన అనుభవంలో సగమే అయినట్టు. చివరి ఏడు లెవెళ్ళదే మిగతా సగం. అందుకే మూడో ప్రశ్నకి జవాబు దొరకందే ముందుకి వెళ్ళకండి.

2. "రాని రోజు" పట్టిక రాయండి

మొత్తం పనిలో ముఖ్యమైనది ఇదే, తొందరపడకండి.

ఎడమవైపు పేర్లు, పైన వారంలోని రోజులు. ఎవరు ఖాయంగా వస్తారో అక్కడ టిక్, అనుమానమైతే ఖాళీ. బెంగళూరులో మన తెలుగువాళ్ళ గ్రూపులన్నిటికీ శుక్రవారం రాత్రి ఒకటే కథ: సగం మంది మడివాళలోనో మారతహళ్ళిలోనో విజయవాడ బస్సు కోసం నిలబడి ఉంటారు. ఆ రాత్రి ఎవరు మిగులుతారో విడిగా రాయండి. యూఎస్ క్లయింట్ కాల్స్ ఉన్నవాళ్ళకి ఏ రోజులు పోతాయో కూడా.

ఇప్పుడు ఆట ఎన్ని పనులు అడుగుతుందో పక్కన పెట్టుకోండి. వార్‌క్రాఫ్ట్ డంజన్‌కి (గుంపుగా వెళ్ళి శత్రువుల్ని ఓడించే చోటు) ఐదుగురు: ఒక ట్యాంక్ (ముందుండి దెబ్బలు కాసేవారు), ఒక హీలర్ (గాయాలు మాన్పేవారు), ముగ్గురు డ్యామేజ్ (శత్రువుని కొట్టేవారు). ఫైనల్ ఫాంటసీ 14లో చిన్న డంజన్‌కి నలుగురు: ఒకటి, ఒకటి, రెండు. ఎనిమిది మంది వెళ్ళేచోట రెండు, రెండు, నాలుగు. గిల్డ్ వార్స్ 2లో లెక్క కాస్త వేరు. అక్కడ పదిమంది రెయిడ్‌ని (పెద్ద గుంపు పోరాటం) ఐదేసి మందిగా చూసి, ప్రతి ఐదుగురిలో క్విక్‌నెస్, అలాక్రిటీ అనే వేగం పెంచే శక్తుల్లో మొదటిది ఇచ్చేవారు ఒకరు, రెండోది ఇచ్చేవారు ఒకరు ఉండేలా సర్దుకుంటారు.

రెండూ పక్కపక్కన పెట్టి ఇలా పంచండి:

- వరసగా అన్ని టిక్కులూ ఉన్నవాళ్ళకి ట్యాంక్ లేదా హీలర్. ఆ పని వాళ్ళకి ఇష్టమైతేనే.
- ఎప్పుడొస్తారో తెలియనివాళ్ళకి డ్యామేజ్. వాళ్ళు రాకపోతే బయటినుంచి మనిషిని తెచ్చుకోవడం తేలిక.
- మధ్యరకం వాళ్ళలో ఒకరికి రెండు రోల్స్ చేయగల క్లాస్. వార్‌క్రాఫ్ట్‌లో డ్రూయిడ్‌కి నాలుగు స్పెక్‌లు: ట్యాంక్, హీలర్, దగ్గరి డ్యామేజ్, దూరపు డ్యామేజ్. పాలడిన్, మాంక్ కూడా మూడు రోల్సూ చేయగలవు.

ఐదుగురిలో ఇలా మారగలిగేవారు ఒకరుంటే చాలు, ఇద్దరుంటే హాయి. ఐదుగురూ అలాంటివాళ్ళే అయితే ప్రతి రాత్రీ మొదటి అరగంట "నువ్వు చెయ్, కాదు నువ్వు చెయ్" అనుకోవడంలోనే పోతుంది. ఇది చూసి చెప్తున్నాను.

మా మొదటి గ్రూపులో పట్టిక లేదు. నలుగురం స్నేహితులం, నలుగురం ఎవరికి నచ్చిన కత్తి వాళ్ళు పట్టుకున్నాం. నెల తిరిగేసరికి నలుగురికీ మంచి గేర్ వచ్చింది, డంజన్‌కి మాత్రం ప్రతిరోజూ ముక్కూమొహం తెలియని ట్యాంక్ కోసం, హీలర్ కోసం ఎదురుచూపులే. రాత్రి పదకొండు దాటాక క్యూ తెరుచుకునేది. పొద్దున్నే షటిల్ ఎక్కాల్సినవాళ్ళు ఒక్కొక్కరే మానేశారు. ఆ గ్రూపు పోయినందుకు ఇప్పటికీ బాధే.

3. మూడు సాయంత్రాలు, మూడు రోల్స్

పట్టిక చెప్పిన పని మీ చేతికి సరిపోతుందో లేదో ఇప్పుడు చూడాలి. ఒక సాయంత్రం ట్యాంక్, ఒక సాయంత్రం హీలర్, ఒక సాయంత్రం డ్యామేజ్. ఒక్కోటి కనీసం రెండు డంజన్లు. గైడ్ వీడియో చూడకుండా ఆడండి.

ఏం గమనించాలో హీలర్‌తో చెప్తాను. బాస్ (డంజన్‌లోని పెద్ద శత్రువు) చేయి ఎత్తాడు. ట్యాంక్ హెల్త్ ఒక్క దెబ్బకి సగానికి పడింది. మీ పెద్ద హీల్ నొక్కారు, పడటానికి రెండు సెకన్లు పడుతుంది. ఆలోపు వెనక ఉన్న మేజ్ (మంత్రగాడి క్లాస్) నేలమీద మంటలో నిలబడి ఉన్నాడు, వాడి బార్ కూడా తగ్గుతోంది. మొదలుపెట్టిన హీల్ ఆపి వాడికి చిన్నది వేయాలా? ట్యాంక్ ఇంకో దెబ్బ తట్టుకుంటాడా? ఆ రెండు సెకన్లలో మీ ఒంట్లో ఏం జరిగిందో గుర్తుంచుకోండి. "ఇంకోసారి, ఇంకోసారి" అనిపిస్తే హీలర్ మీదే. ఆఫీసులో ప్రొడక్షన్ ఇష్యూ వచ్చినప్పటి టెన్షనే మళ్ళీ వస్తే వద్దు. ఆట ఆఫీసుకి కొనసాగింపు కాకూడదు.

ట్యాంక్‌తో చూడాల్సింది వేరు. దారి తెలియకపోయినా ముందు నడవడానికి మీకు ఇబ్బంది లేదా? తప్పు జరిగితే "నాదే, మళ్ళీ వెళ్దాం" అనగలరా? అనగలిగితే మిగతాదంతా నేర్చుకోవచ్చు. డ్యామేజ్ గురించి పెద్దగా చెప్పేది లేదు: ఒకే వరస బటన్లు గంటసేపు నొక్కినా విసుగు రాకపోతే సరే.

ప్రత్యామ్నాయం: మూడు సాయంత్రాలు లేకపోతే పట్టిక చెప్పిన రోల్ ఒక్కటే రెండు సాయంత్రాలు ఆడండి.

4. పింగ్, కరెంటు చూసుకోండి

పొద్దున్న చూసిన పింగ్‌ని నమ్మొద్దు. పీజీలో వైఫై రాత్రి పదింటికి ఎలా ఉంటుందో అదే లెక్క. మూడు రాత్రులు చూసి, అన్నిటికన్నా చెడ్డ అంకెను రాసుకోండి.

వార్‌క్రాఫ్ట్‌లో చాలా క్లాసులకి ఒక బటన్‌కీ ఇంకో బటన్‌కీ మధ్య మూల విరామం 1.5 సెకన్లు. ఫైనల్ ఫాంటసీ 14లో 2.5 సెకన్లు. అందుకని రెండోది నిదానమైన ఆటలా కనిపిస్తుంది కానీ, ఆ విరామం మధ్యలో ఇంకో రెండు ఎబిలిటీలు ఇరికించాల్సిన జాబులున్నాయి. పింగ్ ఎక్కువైతే ఆ ఎబిలిటీల్లో రెండోది ఇరకదు, తర్వాతి బటన్ వెనక్కి జరుగుతుంది. మీ పింగ్ చెడ్డదైతే అలా ఇరికించే పని తక్కువున్న జాబ్ చూసుకోండి. భారతదేశానికంటూ ఆ ఆటకి డేటా సెంటర్ (సర్వర్లు ఉండే చోటు) లేదు. 2022లో ఆస్ట్రేలియా వైపు మటీరియా అనే డేటా సెంటర్ తెరిచారు. జపాన్‌దీ దానిదీ రెండూ పరీక్షించి మీకు తక్కువ చూపేదాంట్లో క్యారెక్టర్ చేయండి. స్నేహితులు ఏ సర్వర్‌లో ఉన్నారో అడిగాకే సుమా.

మే నెల వానలకి మీ ఏరియాలో కరెంటు పోతుంటే, రౌటర్‌కి చిన్న యూపీఎస్ పెట్టేదాకా ట్యాంక్ వద్దు. డ్యామేజ్ మనిషి మాయమైతే పోరాటం ఆలస్యమవుతుంది, అంతే. ట్యాంక్ మాయమైతే అరనిమిషంలో అందరూ పడిపోతారు.

5. మెయిన్ ఒకటి, తోడు రోల్ ఒకటి

ఇప్పుడు నిర్ణయం. ఒక మెయిన్ (ఎప్పుడూ ఆడేది), దానికి తోడు ఒకే ఒక్క రెండో రోల్. మూడోది ఇప్పుడే వద్దు.

తోడు రోల్ తక్కువ ఖర్చుతో వచ్చేలా చూసుకోండి. ఫైనల్ ఫాంటసీ 14లో ట్యాంక్ జాబులన్నీ ఒకే కవచాలు, ఒకే నగలు పంచుకుంటాయి. హీలర్లూ అంతే. కాబట్టి అదే రోల్‌లో రెండో జాబ్‌కి ఆయుధం ఒక్కటి కొత్తగా కావాలి. రోల్ దాటి వెళ్తే దాదాపు అన్నీ మళ్ళీ సంపాదించాలి. వార్‌క్రాఫ్ట్‌లో స్పెక్ మారిస్తే కవచం మీది ప్రధాన స్టాట్ దానంతటదే మారిపోతుంది, ఆయుధం, ట్రింకెట్లు (ప్రత్యేక శక్తినిచ్చే చిన్న వస్తువులు) మాత్రం వేరుగా చూసుకోవాలి. వాటికోసం బ్యాగులో కొంత చోటు ఇప్పుడే ఖాళీగా ఉంచండి. మొదట్లో అక్కడ స్పెక్ మార్చినప్పుడల్లా బంగారం కట్టాలి, అది 50 గోల్డ్ దాకా పెరిగేది. రెండు స్పెక్‌లు సిద్ధంగా ఉంచుకునే వీలు 2009లో వచ్చింది. అంత కష్టపడి తెచ్చుకున్న వీలు ఇది, వాడుకోండి.

ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్ ఆడేవాళ్ళకి ఒక మాట. 2025 నుంచి అక్కడ లెవెల్ 50 దాటాక మీ క్లాస్‌లోని మూడు స్కిల్ లైన్లలో రెండింటిని తీసేసి వేరే క్లాసులవి పెట్టుకోవచ్చు. ఒకటి మాత్రం సొంతది ఉండాలి. మూడు లైన్లూ బాగా వచ్చాక ఒక్కటే మార్చండి. మొదటి రోజే రెండూ మార్చినవాళ్ళకి ఏది ఎందుకు పనిచేస్తోందో తెలియదు, తప్పు ఎక్కడుందో వెతకలేరు.

6. మీకు మాత్రమే వచ్చేది ఏదో గ్రూపుకి చెప్పండి

మెయిన్ తేలాక, మీ క్లాస్‌కే ఉన్న ఒకటి రెండు శక్తుల్ని గ్రూపు చాట్‌లో పిన్ చేయండి. వార్‌క్రాఫ్ట్‌లో మేజ్ అయితే నగరాలకి పోర్టల్ (మంత్రపు దారి), వార్లాక్ అయితే దూరంగా ఉన్నవాళ్ళని పిలిచే శక్తి. చిన్న విషయంలా ఉంటుంది కానీ, ఒక మేజ్ తమ్ముడు మాకు పోర్టల్ తెరిచిన ప్రతిసారీ "వాడు మనవాడు" అనిపిస్తుంది.

ఇలాంటివి తగ్గిపోతున్నాయన్నదే నా దిగులు. వార్‌క్రాఫ్ట్‌లో షామన్ ఒక్కడి దగ్గరే ఉండే బ్లడ్‌లస్ట్ లాంటి బఫ్ (గ్రూపు బలం పెంచే శక్తి), 2010కి మేజ్‌కీ వచ్చింది, తర్వాత మరికొందరికీ. గిల్డ్ వార్స్ 2లో 2015 తర్వాత కొంతకాలం క్రోనోమాన్సర్ అనే రకం లేకుండా చాలా రెయిడ్ గ్రూపులు కదిలేవి కావు. అది ఇచ్చే బఫ్‌లు కూడా తర్వాత మిగతా ప్రొఫెషన్లకి పంచారు. పంచడం న్యాయమే. ఒక్కరు రాలేదని తొమ్మిది మంది ఇంటికి పోకూడదు కదా. కానీ అన్నీ పంచేస్తే అన్ని క్లాసులూ ఒకేలా అనిపిస్తాయి. పోరాటానికి తప్పనిసరైనవి పంచాలి, ప్రయాణం, తిండి, పిలుపు లాంటి చిన్న ముచ్చట్లు క్లాసుకే వదిలేయాలి. నా అభిప్రాయం ఇది. మీ ఆటలో అలాంటి ముచ్చట ఏదైనా మిగిలి ఉంటే, క్లాస్ ఎంపికలో దానికీ కాస్త బరువివ్వండి.

ఎక్కువగా జరిగే తప్పులు

టయర్ లిస్ట్ (బలాన్ని బట్టి క్లాసుల్ని వరస పెట్టిన జాబితా) చూసి ఎంచుకోవడం. ఆ జాబితాలు అన్నిటికన్నా పైమెట్టులో ఆడేవాళ్ళని దృష్టిలో పెట్టుకుని రాస్తారు. మీ డంజన్‌లో మంటలోంచి పక్కకి జరిగే మధ్యరకం క్లాస్, మంటలో చచ్చే మొదటిరకం క్లాస్‌కన్నా ఎక్కువ డ్యామేజ్ చేస్తుంది.

పొరుగింటి పుల్లకూర. ఎవరు ఎంత డ్యామేజ్ చేశారో చూపే మీటర్‌లో పక్కవాడు పైన కనిపించగానే వాడి క్లాస్ మొదలుపెట్టడం. మీటర్ చూసి నెల రోజులు మెయిన్ మార్చనని గ్రూపులో అందరికీ చెప్పేయండి. చెప్పాక మార్చడానికి మొహమాటం అడ్డొస్తుంది.

డ్రూయిడ్ తీసుకుని "అన్నీ చేస్తా" అనడం. నాలుగు స్పెక్‌లున్నాయి కదా అని నాలుగూ మొదలుపెడితే నాలుగూ పచ్చిగానే మిగులుతాయి. రెండు చాలు.

డబ్బులిచ్చి లెవెల్ బూస్ట్ కొనడం. లెవెల్ వస్తుంది, చేతికి అలవాటు రాదు. మొదటి క్యారెక్టర్‌కి అస్సలు వద్దు.

నచ్చలేదని పాత క్యారెక్టర్‌ని డిలీట్ చేయడం. ఎప్పుడూ చేయకండి. ఆరు నెలల తర్వాత ప్యాచ్ మారితే అదే నచ్చొచ్చు.

సరిగ్గా కుదిరిందో లేదో చూసుకోవడం

రెండు వారాల తర్వాత ఈ ఐదింటికి "అవును", "కాదు" రాయండి.

1. కీబోర్డు చూడకుండా మీ ముఖ్యమైన ఆరు బటన్లు నొక్కగలుగుతున్నారా?
2. గ్రూపు మొత్తం పడిపోయినప్పుడు ఎందుకు పడిపోయారో మీకు తెలుస్తోందా?
3. మీరు రాని రాత్రి గ్రూపు ఏదో ఒకటి ఆడగలిగిందా?
4. ఇంకొకరు రాని రాత్రి, ఐదు నిమిషాల్లోపు మీరు తోడు రోల్‌కి మారగలిగారా?
5. ఎవరూ పిలవకపోయినా లాగిన్ అవ్వాలనిపిస్తోందా?

మొదటి రెండూ "కాదు" అయితే ఇంకో వారం ఆగండి, అది అలవాటు సమస్య. మూడోది "కాదు" అయితే మీ పని గ్రూపులో మీ ఒక్కరి దగ్గరే ఉందన్నమాట, రెండోవారికి నేర్పించడం మొదలుపెట్టండి. నాలుగోది "కాదు" అయితే గేర్ చూడండి, బటన్లు చూడండి. చాలాసార్లు తోడు రోల్ యాక్షన్ బార్ (తెరమీది బటన్ల వరస) సర్దుకోకపోవడమే కారణం. ఐదోది ఒక్కటే "కాదు" అయినా సరే, క్లాస్ మార్చేయండి. మిగతా నాలుగూ "అవును" అయినా మార్చేయండి.

పట్టికని నెలకోసారి తిరగరాయాలి, ఎందుకంటే షిఫ్టులు మారతాయి, ప్రాజెక్టులు మారతాయి. సంక్రాంతికి ముందు వారం మాత్రం తప్పకుండా రాయండి. భోగి నాటికి బెంగళూరులో ఎవరు మిగులుతారో, వాళ్ళలో ట్యాంక్ ఎవరో ముందే తెలిస్తే, ఊరికి వెళ్ళేవాళ్ళలో ఒకరిని ఫోన్‌లో ఆల్బియనో రూన్‌స్కేపో ఇన్‌స్టాల్ చేసుకుని బస్సెక్కమనొచ్చు.